సిమెంటు రేకులు పగలకుండా దించడం: మా వంటింటి కప్పు డైరీ

ఇది అనకాపల్లికి దగ్గర్లో ఉన్న మా అమ్మానాన్నల ఇల్లు. వెనక భాగంలో వంటిల్లు, స్టోర్ గది, స్నానాల గది మూడింటికీ కలిపి ఒకే వాలు కప్పు. వేసింది 1990ల్లో. మా వైపు వీటిని సిమెంటు రేకులంటారు, ఏ కంపెనీవైనా సరే చార్మినార్ రేకులు అనేవాళ్లూ ఉన్నారు. వీటిలో సిమెంటుతో కలిపే ఖనిజ నార పేరు ఆస్బెస్టాస్, ఆ మాట మేస్త్రీల నోట వినపడదు. ఈ పని మా తర్వాత చేయబోయేవాళ్లకు కొలతలు, ఖర్చులు, ఎక్కడెక్కడ ప్లాన్ తిరగబడిందీ తెలియాలని రాసి పెట్టుకున్న నోట్సు ఇది.

దశ 0: తీయాలా, వదిలేయాలా

ఇది చదివి రేపే రేకులు పీకించాలని ఎవరూ తొందరపడొద్దు. పగుళ్లు లేని రేకును కోయకుండా, బెజ్జం వేయకుండా, తోమకుండా వదిలేస్తే దాన్నుంచి నార పెద్దగా బయటికి రాదు. రేకులో ఎక్కువ భాగం సిమెంటే. సుమారు పదో వంతు క్రైసోటైల్ అనే తెల్ల ఆస్బెస్టాస్ ఉంటుంది. రేకు విరిగినా, కోసినా, ఎండకు వానకు పైపొర అరిగిపోయినా ఆ నార కంటికి ఆననంత సన్నటి పోగులుగా విడిపోయి గాలిలో కలుస్తుంది. ఊపిరితిత్తుల్లోకి దిగిన పోగులన్నింటినీ శరీరం బయటికి తోసేయలేదు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఆస్బెస్టాసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ దీనివల్ల వచ్చేవే. ఇవి బయటపడడానికి ఇరవై, ముప్పై, ఒక్కోసారి నలభై ఏళ్లు పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధనా సంస్థ తెల్ల ఆస్బెస్టాస్‌తో సహా అన్ని రకాలనూ క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో పెట్టింది.

"ముప్పై ఏళ్లుగా దీని కిందే వండుకుంటున్నాం, మాకేటయింది?" అని నాన్న అడిగారు. ఆలస్యంగా బయటపడే జబ్బుకు ఈ ప్రశ్నే పెద్ద అండ. మా కప్పు మాత్రం వదిలేసే స్థితిలో లేదు. కారణాలివి:

1. 2014 అక్టోబరులో వచ్చిన తుపాను హుద్‌హుద్‌కి రెండు రేకులు నిలువునా చీలాయి. అప్పట్లో చీలికల మీద సిమెంటు పూసి వదిలేశారు. ఆ సిమెంటు ఇప్పుడు పెచ్చులుగా ఊడుతోంది.
2. కింద ఫాల్స్ సీలింగ్ లేదు. పెచ్చులు నేరుగా పొయ్యి గట్టు మీద పడుతున్నాయి.
3. పైపొర అరిగిపోయింది. పట్టపగలు దగ్గరగా చూస్తే రేకు మీద బూడిద రంగు నూగులా కనపడుతుంది.

రంగు వేసి కప్పేయడం గురించి కూడా ఆలోచించాం. రంగు పట్టాలంటే ముందు పాచి గీకాలి, వైరు బ్రష్షుతోనో ప్రెషర్ నీళ్లతోనో కడగాలి. ఆ రెండూ ఈ రేకు మీద అసలు చేయకూడని పనులు. పాత రేకుల మీదే కొత్త రేకు పరిచేద్దామని మేస్త్రీ అన్నాడు. అలా చేస్తే ప్రతి స్క్రూ పాత రేకులోంచి దూరుతుంది. అదీ వద్దనుకున్నాం.

ల్యాబ్ పరీక్ష చేయించలేదు. ఈ కాలం నాటి బూడిద రంగు అలల రేకుల్లో ఆస్బెస్టాస్ ఉందనే అనుకుని పని చేయాలి. పరీక్ష కోసం ముక్క విరవడం కూడా దుమ్ము లేపే పనే.

దశ 1: కొలతలు

రేకు పొడవు 2.5 మీటర్లు, వెడల్పు 1.05 మీటర్లు, మందం 6 మిల్లీమీటర్లు. పక్క రేకు మీదికి ఎక్కింది పోగా లెక్కకొచ్చే వెడల్పు 1.01 మీటర్లు. పై వరసలో 9, కింది వరసలో 9, మొత్తం 18 రేకులు. రెండు వరసలు ఒకదాని మీద ఒకటి 15 సెంటీమీటర్లు ఎక్కి ఉన్నాయి. కప్పు 9.13 × 4.85 మీటర్లు, అంటే దాదాపు 44 చదరపు మీటర్లు. కింద పర్లిన్లు, అంటే రేకులను మోసే అడ్డ గొట్టాలు, 5 వరసలు, రెండంగుళాల జీఐవి. రేకును పర్లినుకు పట్టి ఉంచే కొక్కెం బోల్టులు 92. చూరు దగ్గర ఎత్తు 8 అడుగులు, గోడ వైపు పదిన్నర.

సిడ్నీలో ఉండే మా పిన్ని కొడుకుకి ఈ కొలతలు పంపాను. వాళ్ల న్యూ సౌత్ వేల్స్‌లో 10 చదరపు మీటర్లు దాటితే లైసెన్సు ఉన్నవాళ్లే తీయాలట, మీ కప్పు దానికి నాలుగింతలు, ముట్టుకోకు అన్నాడు. నిజమే. ఇక్కడ మా చుట్టుపక్కల అలాంటి లైసెన్సు మేస్త్రీ దొరకడు. దొరికే మేస్త్రీలందరిదీ ఒకటే పద్ధతి: పైకెక్కి సుత్తితో కొట్టి ముక్కలు కింద పడేయడం, అడ్డొచ్చిన బోల్టును గ్రైండరుతో కోయడం. ఒకాయన గంటలో ఖాళీ చేస్తానన్నాడు. "పగిలితే ఏటవుద్ది బాబూ, సిమెంటేగా" అన్నాడు. ఆయన్ని పెట్టుకోలేదు. చెప్పినట్టు నిదానంగా చేస్తానన్న ఇంకో మేస్త్రీని, ఆయనతో వచ్చే ఇద్దరు కుర్రాళ్లను మాట్లాడుకున్నాం. రేటు కప్పుకి కాదు, రోజుకి. కప్పుకి ఇంత అని మాట్లాడితే ఎవరైనా తొందరే పడతారు.

దశ 2: సామాను

1. సగం ముఖానికి వచ్చే రబ్బరు మాస్కులు 4, అతి సన్నటి దుమ్మును ఆపే పీ100 ఫిల్టర్లతో: 7,600
2. ఒకసారి వాడి పారేసే ఒళ్లంతా కప్పే సూట్లు 20: 3,600
3. రబ్బరు బూట్లు 4 జతలు: 1,400
4. 200 మైక్రాన్ల పాలిథిన్ చుట్ట: 4,200
5. టేపు, బట్టల సబ్బు ద్రవం, హెచ్చరిక స్టిక్కర్లు: 900
6. పొలంలో మందు కొట్టే 16 లీటర్ల స్ప్రేయరు, కొత్తది: 1,700
7. 24 అంగుళాల బోల్టు కట్టరు: 1,600

ఇప్పటివరకు: రూ. 21,000

కరోనా నాటి ఎన్95 మాస్కులు ఇంట్లో డబ్బాడు ఉన్నాయి. అవి ఈ పనికి సరిపోవు. ఎన్95 అంచులు రబ్బరు మాస్కు అంత గట్టిగా ముఖానికి పట్టవు, ఆస్బెస్టాస్‌కి వాటిని సిఫారసు చేయరు కూడా. రబ్బరు మాస్కు పెట్టుకున్నాక రెండు ఫిల్టర్లనూ అరచేతులతో మూసి గాలి పీల్చాలి. మాస్కు ముఖానికి అతుక్కుపోతే సరిగ్గా కూర్చున్నట్టు. ఎక్కడైనా గాలి దూరితే పట్టీలు సవరించి మళ్లీ చూడాలి.

ఈ పరీక్షలో ఒక కుర్రాడు పాస్ కాలేదు. గడ్డం పెంచాడు. సింహాద్రి అప్పన్న మొక్కు, తీయనన్నాడు. గడ్డం ఉంటే ఏ మాస్కూ ముఖానికి పట్టదు, మొక్కు విషయంలో బలవంతం చేసేదీ లేదు. అతన్ని దూరంగా తాడు దగ్గర, నీళ్లు అందించే పని దగ్గర ఉంచాం. అతను చేయాల్సిన కప్పు పని నేను చేశాను. నాలుగో మాస్కు అందుకే మిగిలింది.

కప్పు మీదికి ఎవరూ ఎక్కకూడదన్నది మొదటి షరతు. దుమ్ము సంగతి అటుంచి, పాత సిమెంటు రేకు మనిషి బరువు మోయదు. ఆస్బెస్టాస్ జబ్బుకి ఇరవై ఏళ్లు పడుతుంది, రేకు విరిగి కింద పడడానికి ఒక్క క్షణం చాలు. అందుకని లోపల చక్రాల పరంజా, బయట చూరు పొడవునా మామూలు పరంజా వేయించాం.

8. పరంజాల అద్దె: 3,500
9. 12 ఎంఎం ప్లైవుడ్ పలకలు 2: 3,800
10. వెదురు గెడలు, తాళ్లు: 1,200

ఇప్పటివరకు: రూ. 29,500

దశ 3: గదులు మూసేయడం

వంటింట్లో సామానంతా బయటికి. గ్యాస్ సిలిండరు కూడా. గోడలకు, గట్టుకు, నేలకు పాలిథిన్ పరిచి టేపు వేశాం. మిగతా ఇంట్లోకి వెళ్లే తలుపు చుట్టూ రెండు వరసల టేపు. బయట గోడ నుంచి పది అడుగుల వరకు నేల మీద పాలిథిన్, అంచుల కింద ఇటుకలు పెట్టి తొట్టిలా లేపాం, కప్పు మీంచి కారిన నీళ్లు మట్టిలోకి పోకుండా. పక్కింటివాళ్లతో ముందే మాట్లాడాం, ఆ పొద్దుల్లో కిటికీలు మూసుకోమని, బట్టలు ఆరేయొద్దని.

వైరింగు పర్లిన్లకు కట్టి ఉంది. కింద నుంచి నీళ్లు కొట్టబోతున్నాం కాబట్టి ఆ భాగానికి కరెంటు పూర్తిగా తీసేసి, ఫ్యూజు జేబులో పెట్టుకున్నాను.

దశ 4: మొదటి మూడు రేకులు

ప్లాన్ ఇది: స్ప్రేయరుతో రేకు రెండు వైపులా తడపడం, స్పానరుతో నట్లు విప్పడం, పై వరసలో చివరగా వేసిన రేకుతో మొదలుపెట్టి చూరు వైపు రెండు గెడల మీదుగా జార్చడం. నాలుగు చోట్ల దెబ్బ తిన్నది.

*నీళ్లు.* మామూలు నీళ్లు పాచి మీంచి జారిపోయాయి. 16 లీటర్లకు రెండు మూతల సబ్బు ద్రవం కలిపాక లోపలికి ఇంకడం మొదలైంది. పది గంటల ఎండకి తడిపిన చోట పది నిమిషాల్లో పొడిబారిపోయింది, పైగా మధ్యాహ్నమయ్యేసరికి సముద్రం గాలి. ఆ పూటకి ఆపేశాం. అప్పట్నుంచి ముందు రోజు సాయంత్రం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి తడిపి, ఆరు నుంచి తొమ్మిది వరకే పని. స్ప్రేయరు ముక్కును సన్నటి తుంపర పడేలా తిప్పాలి. ధారగా కొడితే అరిగిన పైపొర కొట్టుకొస్తుంది.

*బోల్టులు.* రాత్రి కిరసనాయిలు పోసి ఉంచినా చాలా నట్లు కదల్లేదు. కదిలిన వాటిలో కొన్ని నట్టుతో పాటు బోల్టు మొత్తం తిరిగింది. అలా తిరిగినప్పుడు అది బెజ్జం చుట్టూ రేకును అరగదీస్తుంది. వాషరు కింద నుంచి బూడిద రంగు పిండి రాలడం కనపడగానే స్పానరు పక్కన పెట్టేశాం. తర్వాత లోపలి పరంజా మీద నిలబడి, పర్లిను కింద ఉన్న కొక్కేన్నే బోల్టు కట్టరుతో కత్తిరించాం. 8 ఎంఎం కమ్మీ, చేతులు పొడుగున్న కట్టరైతే ఒక్క నొక్కుకే తెగుతుంది. తెగిన బోల్టును కింద నుంచి వేలితో మెల్లగా నెడితే పైకి లేస్తుంది. 92లో స్పానరుతో వచ్చినవి 27, కట్టరుతో తెంపినవి 65. గ్రైండరు పెట్టెలోంచి బయటికే రాలేదు. ఎవరైనా మొదట్నుంచీ కట్టరుతోనే మొదలుపెట్టడం మంచిది.

*జార్చడం.* రెండో రేకు దించాక వెదురు గెడల మీద గీసుకున్న తెల్లటి చార కనపడింది. రేకు కింది వైపు గెడకు రాసుకుంటోందన్నమాట. అప్పట్నుంచి గెడల మీద ప్లైవుడ్ పలక పెట్టి, దాని మీద పాలిథిన్ పరిచి, రేకును పలక మీద పడుకోబెట్టి, తాడుతో పలకనే దించాం. రేకు దేనికీ రాసుకోదు.

*అతుకు.* మూడో రేకు మూల విరిగింది. హుద్‌హుద్ తర్వాత ఎవరో రెండు వరసల అతుకులో సిమెంటు కూరారు, బయటికి కనపడదు. పైకెత్తగానే మూల టక్కుమంది. విరిగిన చోట వెంటనే నీళ్లు కొట్టి, ముక్కను తడి గుడ్డలో చుట్టి, పాలిథిన్ సంచిలో వేశాం. తర్వాతి రేకులన్నింటికీ ఎత్తే ముందు అతుకులోకి సన్నటి టిన్ను పట్టీ దూర్చి, నీళ్లు కొడుతూ ఇటు నుంచి అటు జరిపి, ఎక్కడా తగలకుండా వస్తేనే ఎత్తాం. ఒక్కో రేకుకి పావుగంట అదనం.

వేలాడే కాటాతో తూచాం. పొడి రేకు సుమారు 35 కిలోలు ఉండాలి. తడిసి, పాచితో మాది 39 వచ్చింది. ఇద్దరు ఎత్తుతారనుకున్నది ముగ్గురయ్యారు. నీళ్లు పట్టిన రేకు దుమ్ము రేపదు గానీ నడుం విరగ్గొడుతుంది.

దించినవి: 3. నిండు రేకులు 2, విరిగింది 1.

దశ 5: మిగతా పై వరస

కొత్త పద్ధతిలో ఒక్కో రేకుకి ఇలా:

1. లోపల, బయట తడపడం. ఐదు నిమిషాలు ఆగడం.
2. లోపల నుంచి కొక్కేలు తెంపడం. తెగిన ఇనుమంతా ఒక బకెట్లోకి, నేల మీద పడేయకుండా.
3. అతుకులో పట్టీ దూర్చడం, మళ్లీ తడపడం.
4. ముగ్గురు పట్టి పలక మీదికి జరపడం.
5. తాడుతో దించడం. కింద తాడు మనిషి రేకును ముట్టుకోడు, పలకకు కట్టిన కొసనే పట్టుకుంటాడు.
6. తడిగా ఉండగానే పాలిథిన్‌లో చుట్టి టేపు వేయడం.

ఇక్కడ అనుకోని ఖర్చు సూట్లు. విరామానికి బయటికి వచ్చిన ప్రతిసారీ సూటు తీసి సంచిలో వేయాలి, మళ్లీ లోపలికి వెళ్తే కొత్తది. ఫిబ్రవరిలోనే ఆ సూట్లో అరగంటకి ఒళ్లంతా తడిసిపోతుంది, టీ కోసం ఎవరైనా బయటికొస్తారు. 20 సూట్లు సగం పనికే అయిపోయాయి. ఇంకో ఆరు తెప్పించి, టీ అనేది పనికి ముందూ తర్వాతా మాత్రమే అని ఒప్పందం చేసుకున్నాం.

విప్పే వరసకి కూడా ఒక లెక్క ఉంది. ముందు సూటు మీద నీళ్ల తుంపర కొట్టాలి, లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ విప్పాలి, బూట్లు కడగాలి, అన్నింటికన్నా ఆఖర్న మాస్కు తీయాలి. మా మేస్త్రీ ఉక్కపోతకు ముందు మాస్కే లాగేయబోయేవాడు, చివరి వరకూ గుర్తు చేయాల్సి వచ్చింది. తర్వాత అక్కడే స్నానం. సూటు లోపల వేసుకున్న బట్టలు ఇంటికి తీసుకెళ్లకూడదు. ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ల బట్టలు ఉతికిన ఇంట్లో ఆడవాళ్లకు కూడా మీసోథీలియోమా వచ్చిన దాఖలాలు చాలా దేశాల్లో ఉన్నాయి. అందుకే కుర్రాళ్లకు పాత లుంగీలు, బనియన్లు మేమే ఇచ్చి, పని అయ్యాక వాటినీ సంచిలో వేశాం.

ఒక పొద్దున టీ దగ్గర మేస్త్రీ అడిగాడు: "ఇంత ప్రమాదమైతే గవర్నమెంటు అమ్మనిస్తదా?" అమ్మనిస్తోంది. మన దగ్గర ఆస్బెస్టాస్ తవ్వకాలకు కొత్త లీజులు 1986లో ఆపారు, పాతవాటి పునరుద్ధరణ 1993లో ఆపారు. ఒకప్పుడు కడప జిల్లా పులివెందుల చుట్టుపక్కల కూడా దీన్ని తవ్వేవారు. గనులు ఆగాయి గానీ దిగుమతి ఆగలేదు, రష్యా లాంటి దేశాల నుంచి వస్తూనే ఉంది. సుప్రీంకోర్టు 1995లో కార్మికుల ఆరోగ్య రికార్డులు దశాబ్దాల పాటు భద్రపరచాలని తీర్పిచ్చింది, అది ఫ్యాక్టరీలకు. కప్పు మీంచి రేకు పీకే కూలీకి ఏ రికార్డూ ఉండదు. యూరప్, ఆస్ట్రేలియా, జపాన్ ఎప్పుడో నిషేధించాయి, పక్కనున్న నేపాల్ కూడా 2015లో నిషేధించింది. అంతా విని మేస్త్రీ అన్నది ఒకటే: "మరి నేను ఇరవై ఏళ్లుగా కోసినవో?" నా దగ్గర జవాబు లేదు. ఛాతీ డాక్టరుకు చూపించుకుని, చేసిన పని సంగతి చెప్పమన్నాను. పొగాకు మానమని కూడా చెప్పాను. ఆస్బెస్టాస్ పీల్చినవాళ్లు పొగ తాగితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు చాలా రెట్లు పెరుగుతుంది. చుట్ట మానలేదు గానీ తర్వాత మాస్కు మాత్రం చెప్పించుకోకుండా పెట్టుకున్నాడు.

దించినవి: 9. నిండు రేకులు 7, విరిగినవి 2 (ఒకటి హుద్‌హుద్ నాటిది).

దశ 6: కింది వరస, చూరు గొట్టం

కింది వరస తేలిక, మీద ఇంకో వరస ఎక్కి లేదు. అయినా చూరు చివరి రేకు ఒకటి పలక మీదికి చేరకముందే బరువుకి వంగి విరిగింది. దానికి మధ్య పర్లిను దగ్గర కంటికి కనపడని పగులు ఉంది. ఆ తర్వాత ప్రతి రేకునూ కింద నుంచి టార్చి వేసి చూశాం. తడిపిన రేకు మీద పగులు నల్లటి గీతలా తేలుతుంది, పొడి రేకు మీద కనపడదు.

అందరూ మర్చిపోయేది చూరు గొట్టం. ముప్పై ఏళ్ల వానకు అరిగిన పైపొర అంతా కొట్టుకొచ్చి చేరేది అక్కడే. మా గొట్టంలో రెండంగుళాల బురద ఉంది, దాన్నుంచి నీళ్లు ఒక డ్రమ్ములోకి వెళ్లేవి, ఆ నీళ్లతో అమ్మ అంట్లు తోమేది. బురదను తడిగా ఉండగానే పాత గరిటెతో తీసి రెండు సంచుల్లో కట్టాం. గొట్టాన్నీ, డ్రమ్మునీ కూడా చుట్టి రేకులతో పాటే పెట్టేశాం.

పాలిథిన్ చుట్ట ఇక్కడికి అయిపోయింది. రేకు మూలలు గుచ్చుకుని ఒక పొర చినిగిపోతోంది. మూలలకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగి, రెండు పొరలు చుట్టాం. ఇంకో చుట్ట కొన్నాం.

11. మేస్త్రీ, కుర్రాళ్ల కూలీ మొత్తం: 14,400
12. అదనపు సూట్లు 6: 1,080
13. అదనపు పాలిథిన్: 2,100

దించినవి: 18. నిండు రేకులు 14, విరిగినవి 4. ఇప్పటివరకు: రూ. 47,080

దశ 7: శుభ్రం

చీపురు పట్టకూడదు. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనరు అంతకన్నా పెట్టకూడదు. దాని సంచి సన్నటి పోగును ఆపలేదు, వెనక నుంచి మళ్లీ గాలిలోకి ఊదుతుంది. అతి సన్నటి పోగునూ ఆపే హెపా ఫిల్టరున్న పారిశ్రామిక వాక్యూమ్ విశాఖలో అద్దెకు అడిగాం, ఆస్బెస్టాస్ అనగానే ఇవ్వమన్నారు. తిరిగొచ్చాక దాన్ని ఇంకో ఇంటికి ఎలా ఇస్తామన్న వాళ్ల భయం న్యాయమైనదే.

తడి గుడ్డలతోనే చేశాం. పర్లిన్లు, గోడల పై అంచులు, కిటికీ చట్రాలు, పై నుంచి కిందికి. ఒక గుడ్డను ఒకసారే తుడవాలి, మడిచి రెండో వైపు తుడిచి సంచిలో వేయాలి, బకెట్లో ముంచి పిండకూడదు. అమ్మ దాచిన పాత కాటన్ చీరలు ముక్కలు చేసుకున్నాం. తర్వాత పాలిథిన్‌ను అంచుల నుంచి లోపలికి చుట్టుకుంటూ తీశాం. బయట తొట్టిలో నిలిచిన నీళ్లను నాలుగు మడతల గుడ్డ గుండా వడకట్టి, ఆ గుడ్డనూ సంచిలో కట్టాం. కరెంటు అప్పుడు ఇచ్చాం.

దశ 8: ఎక్కడ పెట్టాలి

ఈ పనిలో అన్నింటికన్నా కష్టమైంది ఇదే, ఇంకా తేలలేదు కూడా.

చుట్టిన రేకులు ఇంకా పెరట్లో సర్దకముందే వరసకు బాబాయ్ అయ్యే ఒకాయన వచ్చాడు. నిండు రేకులు పద్నాలుగు ఉన్నాయట కదా, మా పశువుల పాకకు ఇయ్యి, ట్రాక్టరు నేనే తెచ్చుకుంటాను అన్నాడు. ఇవ్వనన్నాను. మళ్లీ బిగించాలంటే మళ్లీ బెజ్జాలు వేయాలి, కొలత కుదరకపోతే కోయాలి, మిగిలిన ముక్కలు వాకిట్లో పరుస్తారు. ఆయన ముఖం మాడ్చుకున్నాడు, బంగారం దాచుకున్నట్టు దాచుకున్నావని అమ్మతో అన్నాడట. పగిలిన ముక్కలు రోడ్డు గుంతల్లో, కొత్తిళ్ల పునాదుల్లో వేయడం చుట్టుపక్కల ఊళ్లలో చాలా మామూలు. బండి ఎక్కినప్పుడల్లా అవి నలుగుతాయి.

ప్రమాదకర వ్యర్థాలను శాస్త్రీయంగా పూడ్చే కేంద్రాలు మనకూ ఉన్నాయి, ఇటు దగ్గర్లోనే పరవాడలో, అటు హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో. అవి ముఖ్యంగా పరిశ్రమల కోసం ఏర్పాటైనవి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, రవాణా పత్రం లాంటివి ఉండాలి, ట్రాలీ ఆటోలో తీసుకెళ్లి గేటు దగ్గర దించేసి రావడం కుదరదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు ఆస్బెస్టాస్ తయారీ వ్యర్థాల గురించి స్పష్టంగా చెబుతాయి, ఇంటి కప్పు గురించి అడిగితే ఏ ఫారం నింపాలో చెప్పేవాళ్లు దొరకలేదు. దరఖాస్తు కాగితం మీద రాసి ఇచ్చి రసీదు తీసుకున్నాను.

అది తేలేవరకు రేకులు పెరట్లో ఇలా ఉన్నాయి: నేల మీద సరుగుడు బాదులు, వాటి మీద నిండు రేకులు పడుకోబెట్టి రెండు దొంతర్లు, ఒక్కో దొంతరలో ఏడు. పక్కన విరిగిన ముక్కలు, బురద, సూట్లు, గుడ్డల సంచులు. అన్నింటి మీదా బరకం, నాలుగు వైపులా తాడు. ఎర్ర పెయింటుతో "ఆస్బెస్టాస్. విప్పొద్దు, పగలగొట్టొద్దు" అని తెలుగులో రాశాం. కొన్నప్పుడు వచ్చిన స్టిక్కర్లు ఇంగ్లిషులో ఉన్నాయి, మా పెరట్లోకి వచ్చేవాళ్లలో వాటిని చదివేవాళ్లు లేరు.

14. బాదులు 700, బరకం 1,900

ఇప్పటివరకు: రూ. 49,680. తరలింపు ఖర్చు తెలిశాక ఇందులో కలపాలి.

దశ 9: కొత్త కప్పు

ఆస్బెస్టాస్ లేని సిమెంటు రేకులు ఇప్పుడు దొరుకుతున్నాయి, ఆస్బెస్టాస్ నార బదులు పీవీఏ అనే కృత్రిమ పోగు వాడతారు. వేడికి, వాన చప్పుడుకి అవే నయం. మా ఊరి కొట్లో నిల్వ లేవు, తెప్పించాలంటే మా కప్పుకి కావాల్సిన దానికి రెట్టింపు కొనాలన్నారు. రంగు పూత ఇనుప రేకు, 0.5 ఎంఎం తీసుకున్నాం. 17 అడుగుల పొడవు కొట్లోనే కోయించుకుంటే మధ్యలో అతుకు ఉండదు, ఇంటి దగ్గర కోత ఉండదు.

ఒక విషయం మేస్త్రీకి ముందు తట్టలేదు, నాకూ తట్టలేదు, వెల్డింగ్ షాపాయన చెప్పాడు. పాత కప్పు ఆరు క్వింటాళ్ల పైన ఉండేది, దాని బరువే దాన్ని పట్టి ఉంచింది. ఇనుప రేకు అందులో సగం కూడా తూగదు. విశాఖ ప్రాంతం సెకనుకు 50 మీటర్ల గాలి వేగానికి లెక్క కట్టాల్సిన జోన్, హుద్‌హుద్ చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అందుకని పర్లిన్ల చివర్లను ఇనుప పట్టీలతో గోడలోని కాంక్రీటు బెల్టుకి బిగించి, తర్వాతే రేకులు వేశాం. చూరు, మూలల దగ్గర ప్రతి గాడికీ స్క్రూ, మధ్యలో గాడి విడిచి గాడికి.

వేడి కొలిచాం. బయట 33 డిగ్రీలున్న మధ్యాహ్నాల్లో, పొయ్యి గట్టు మీద అడుగెత్తున: పాత రేకు కింద 36, కొత్త ఇనుప రేకు కింద 39, దాని కింద వెండి రంగు ఫాయిల్ ఫోమ్ వేశాక 35. ఫోమ్ వద్దు, అది దండగ అన్న నాన్న ఇప్పుడేమీ అనడం లేదు.

15. రేకులు, 520 చదరపు అడుగులు, అడుగు 62: 32,240
16. స్క్రూలు, అంచు పట్టీలు: 4,800
17. ఫాయిల్ ఫోమ్, అడుగు 18: 9,360
18. బిగింపు కూలీ, అడుగు 15: 7,800
19. పర్లిన్లకు పట్టీలు, రంగు: 5,200

మొత్తం: రూ. 1,09,080

ముందు వరండా మీద ఇంకో ఆరు సిమెంటు రేకులున్నాయి. పగుళ్లు లేవు, కింద ఎవరూ పడుకోరు, వాటిని కదపడం లేదు. కింద నుంచి టార్చి వేసి చూసి ఫోటోలు తీసి పెట్టుకున్నాను, వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి మళ్లీ పోల్చి చూడడానికి. దూలం మీద "డ్రిల్లింగ్ వద్దు" అని రాశాం. పోయిన వారం డిష్ యాంటెన్నా బిగించడానికి వచ్చిన కుర్రాడు అప్పటికే డ్రిల్లు చేతిలో పట్టుకుని రేకు కింద నిలబడ్డాడు. నాన్నే ఆపి, పక్క గోడ చూపించారు.